పేర్లు లేని జాబితా

బీరువాకు వేసిన తాళం వేసినట్టే ఉంది. దాని మీద లక్క ముద్ర కూడా చెక్కు చెదరలేదు. బీరువా ముందు గొంతుక్కూర్చున్న డిటెక్టివ్ తిప్పయ్యకు ఆ చక్కదనం చూస్తే ఒళ్ళు మండింది. పదకొండేళ్ళు బళ్ళారి పోలీసుల్లో వేలిముద్రలు చూసి, పై అధికారితో పడక రాజీనామా పారేసి వచ్చిన మనిషి. దొంగ పడిన చోట ఏదో ఒకటి విరిగి తీరాలని ఆయన నమ్మకం.

"జనవరి ఇరవై రెండున వేసిన ముద్ర అది. తాళంచెవి నా మొలతాటికే ఉంటుంది, స్నానానికి కూడా తీయను," అన్నాడు డాక్టర్ దేవసహాయం.

తిప్పయ్య భూతద్దంతో బీరువా బందులు చూశాడు. మరలు తుప్పు పట్టి, ఆ తుప్పు మీద దుమ్ము పట్టి, ఆ దుమ్ము మీద సాలీడు గూడు కట్టి ఉంది. వెనక చెక్క చూశాడు. కింద చూశాడు. టైము తొమ్మిదీ పది.

"తెరవండి సార్. పుస్తకంలో ఏ పేజీ అన్నా పోయిందేమో మీరే చూడండి," అని చెప్పి, ఆయన గోడకేసి తిరిగి నిలబడ్డాడు.

"మీరు చూడరా?"

"నాకు తెలిస్తే ఇంకొకడికి తెలిసినట్టే కదా. నాకు పేర్లు వద్దు."

డాక్టరు పేజీలన్నీ లెక్కబెట్టాడు. ఒక్కటీ పోలేదు. ఆయన పుస్తకం మూసి కుర్చీలో కూలబడ్డాడు. పుస్తకం పోయుంటే బాగుండేదని ఆయన ముఖమే చెబుతోంది. పోయిన వస్తువైతే వెతకవచ్చు.

కరిమెట్లకు మూడు మైళ్ళ దూరంలో, రోడ్డు పక్కన ఆయన నడుపుతున్న చిన్న కుష్ఠు వైద్యశాల అది. చుట్టుపక్కల పల్లెల్లో అరవై ముగ్గురు ఆయన మందు తింటున్నారు. పల్లె దాన్ని పెద్దరోగం అంటుంది. ఫలానా ఇంట్లో ఉందని తెలిస్తే ఆ ఇంటికి నిప్పు దొరకదు, నీళ్ళు దొరకవు, పలకరింపు దొరకదు. అందుకే డాక్టరు ఒక కట్టడి పెట్టాడు. పేర్లన్నీ ఒక్క పుస్తకంలో, ఆ పుస్తకం బీరువాలో. బయట మందుల చీటీలో గానీ, జాబితాలో గానీ, పైకి పంపే రిపోర్టులో గానీ నంబరు తప్ప పేరు కనిపించకూడదు.

అంత కట్టడి చేసినా, ఈ 1960 ఏప్రిల్ మూడో తేదీ పొద్దున కరిమెట్ల బావి దగ్గర దాసప్పను అడ్డగించి "నీకు పెద్దరోగముండాది, చేద ముట్టొద్దు" అన్నారు. నాలుగో తేదీ తెల్లవారేసరికి దాసప్ప ఊరి వెలుపలి పాడుబావిలో శవమై ఉన్నాడు. ఇవాళ ఆరు. పేరు ఎట్లా పొక్కిందో తేల్చమని డాక్టరు తిప్పయ్యను పిలిపించాడు.

"కరిమెట్లలో ఇంకా ఆరుగురున్నారు తిప్పయ్య గారూ. రెండు మూడేళ్ళు మందు తింటే నయమైపోతారు. వాళ్ళ వల్ల ఎవరికీ అంటదు. ఊరికి తెలియకుండా ఉంటే చాలు, బతుకుతారు," అన్నాడు డాక్టరు.

మందు పంచే ఓబుళేసును పిలిపించారు. ముప్పై ఏళ్ళవాడు, బక్కపలచన. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

"కరిమెట్లకు యానాడు పోతావప్పా?" అని అడిగాడు తిప్పయ్య.

"ప్రతి గురువారం సార్. తొమ్మిదికి సైకిలెక్కితే తొమ్మిదిన్నరకు ఆడుంటా."

"నేరుగా రోగుల ఇండ్లకే పోతావా?"

ఓబుళేసు నొచ్చుకున్నాడు. "నేనంత తెలివితక్కువోడినా సార్? ప్రతి ఇంటి ముందరా ఆగుతా. జ్వరముండాదా, దగ్గుండాదా అని అందర్నీ అడుగుతా. అందరికీ ఏదో ఒక మాత్ర ఇస్తా. ఎవరికి ఏ మాత్ర ఇచ్చినానో పక్కింటోళ్ళకు కూడా తెల్దు."

"పేర్ల పుస్తకం నీకియ్యరు కదా. పెద్దరోగానికిచ్చే తెల్ల మాత్ర ఎవరికియ్యల్లో నీకెట్ల గుర్తుంటాది? అరవై మూడు మందీ నోటికొచ్చునా?"

"వచ్చు సార్," అని నేల చూపులు చూశాడు ఓబుళేసు.

అబద్ధం ఉన్న చోటు తిప్పయ్యకు కనబడింది, ఏ రకం అబద్ధమో కనబడలేదు. ఆయన వరండాలోకి వచ్చి, గోడకు అంటించిన కాగితం ముందు నిలబడ్డాడు. మొదటి తేదీన ఓబుళేసు రాసి అంటించిన జాబితా అది. పోయిన నెల ఒక వారం మందు అందని ఊళ్ళ రోగులు గుర్తుగా వచ్చి తీసుకోవాలని రాసి, ఊరి పేరు కింద నంబర్లు వేశాడు. కరిమెట్ల కింద 9, 17, 31, 58, 72, 90, 113.

ఒక ఊళ్ళో ఏడుగురు రోగులు, మొత్తం మీద అరవై ముగ్గురు. మరి నూట పదమూడు ఎక్కడి నుంచి ఊడిపడింది? అది తేలేలోగానే జీపు వచ్చి ఆగింది.

దిగినవాడు సబ్ ఇనస్పెక్టరు వెంకటప్ప. ఇద్దరూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరారు. ఒకరు ఉద్యోగం వదిలేశారు, ఒకరు వదల్లేదు. అప్పటి నుంచీ ఇద్దరికీ ఒకరి నీడ ఒకరికి గిట్టదు.

"ఏమప్పా తిప్పయ్యా! శవం నాది, కేసు నాది, మధ్యలో నీ పెత్తనమేంది?" అన్నాడు వెంకటప్ప. జవాబు కోసం ఆగకుండా డాక్టరు వైపు తిరిగాడు. "డాక్టరు గారూ, ఆ ఆరుగురి పేర్లు ఇయ్యండి. ఇంటికొక కానిస్టేబుల్ని కాపలా పెడతా."

"ఇవ్వలేను. పేరు బయట పెట్టనని వాళ్ళకు మాటిచ్చాను," అన్నాడు డాక్టరు.

"మాట ముఖ్యమా, మనిషి ముఖ్యమా? రేపు ఇంకొకడు బావిలో పడి చస్తే మీరు జవాబు చెప్తారా?"

డాక్టరు మొలతాటి తాళంచెవిని గుప్పిట పట్టుకున్నాడు. తిప్పయ్యే అడ్డం వచ్చాడు. "ఆరిండ్ల ముందర ఆరు ఎర్ర టోపీలు నిలబెడితే దండోరా వేసినట్టే కదయ్యా. నీవు కాపలా పెట్టొద్దు, వాళ్ళు చావొద్దు."

"నీ తెలివి బళ్ళారిలోనే చూసినాం లే," అన్నాడు వెంకటప్ప. కోపంతో వరండాలో రెండుసార్లు అటూ ఇటూ తిరిగాడు. గోడ మీది జాబితా ముందు ఆగి, జేబు పుస్తకంలో ఏదో గీసుకుని, జీపెక్కి కరిమెట్ల దారి పట్టాడు. అతనిలో చెడ్డతనం లేదు. చేతులు ముడుచుకుని ఊరకే కూర్చోవడం అతనికి చేతకాదు, అంతే.

ఒంటిగంటన్నరకు తిప్పయ్య పాడుబావి గట్టు మీద ఉన్నాడు. దాసప్ప భార్య హనుమక్క, ఆమెకు తోడుగా వచ్చిన నడివయసు మనిషి ఒకామె కొంచెం ఎడంగా నిలబడ్డారు. బావిలో నీళ్ళు లేక నాలుగేళ్ళయింది. అడుగున గుప్పెడు బురద, దాని మధ్య ఊట గుంట. రాళ్ళ సందుల్లో కాళ్ళు పెట్టి దిగినవాడి గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. పైనుంచి మూడో మెట్టు రాయి ఊడి, అడుగున పగిలిన కడవ పెంకుల మీద పడి ఉంది.

తోసేసిన గుర్తు ఒక్కటీ లేదు. గట్టు మీద పెనుగులాట లేదు. గట్టు అంచున, నీడ పడే చోట, నిండు కడవ ఒకటి ఉంది. మూతిమీద గుడ్డ కట్టి ఉంది. నీళ్ళు ఎర్రగా, సగం మన్నుతో ఉన్నాయి.

"ఇది మీ కడవేనా తల్లీ?"

హనుమక్క తలాడించింది. "రెండు కడవలు తీసుకపోయినాడు. ఒకటి నిండినట్టుండాది."

తిప్పయ్యకు విషయం తేలిపోయింది. చచ్చిపోదామనుకున్నవాడు నీళ్ళు నింపి, మూతికి గుడ్డ కట్టి, నీడలో పెట్టుకోడు. మంచి బావికి రానియ్యలేదు కాబట్టి మనిషి చీకటితోనే పాడుబావిలోకి దిగాడు. ముంతడు ముంతడుగా ఊట నీళ్ళు తోడి ఒక కడవ నింపి పైన పెట్టాడు. రెండో కడవకు మళ్ళీ దిగుతుంటే రాయి ఊడింది. చంపినవాడు ఎవడూ లేడు. బావి దగ్గర "చేద ముట్టొద్దు" అన్నవాళ్ళు ఎందరో, ఆ అందరూ ఉన్నారు. ఊరికంతటికీ కలిపి సంకెళ్ళు ఏ స్టేషన్లోనూ దొరకవు.

"చంపినోడు దొరికినాడా సామీ?" అని అడిగింది హనుమక్క.

"ఇంటికి పోదాం పా తల్లీ," అన్నాడు తిప్పయ్య.

దారిలో ఆ రెండో ఆమె అడుగు వెనక వేసి, ఆయన పక్కకు వచ్చింది. "నా పేరు నల్లమ్మ సామీ. ఈ చుట్టుపక్కల ఎనిమిది పల్లెలకు నేనే మంత్రసానిని," అంది. తర్వాత గొంతు తగ్గించింది. "నేనూ ఆ తెల్ల మాత్రలే తింటాండా. మోచేతి మీద రవ్వంత మచ్చ, ఇప్పుడదీ మాసిపోతాండాది. ఈ చేతులతో రోగం అంటదని డాక్టరు ఒట్టేసి చెప్పినాడు. తెలిస్తే ఏ ఇంటోళ్ళూ నన్ను కానుపు మనిషి మీద చెయ్యి వెయ్యనియ్యరు. నా పేరు యాడా రానియ్యొద్దు సామీ."

"రానియ్యను," అన్నాడు తిప్పయ్య. వృత్తిలో ఆయన ఎవరికీ మాట ఇవ్వడు. ఆ రోజు ఎందుకో ఇచ్చేశాడు.

హనుమక్క ఇల్లు రాతి గోడల ఇల్లు. గడప పక్కన గోడ మీద తారుతో జానెడు అంకెలు వేసి ఉన్నాయి. 31. పోయినేడు మలేరియా వాళ్ళు దోమల మందు కొట్టి, కొట్టిన ప్రతి ఇంటికీ అట్లా నంబరు వేసి పోయారు. తిప్పయ్య ఆ అంకెల కేసి చూస్తూ నిలబడిపోయాడు.

పక్కిల్లు 30. ఆ ఇంటి అరుగు మీద, కాలికి ఆసుపత్రి కట్టుతో బీడీ కాలుస్తున్న ఆంజినప్ప ఆయన్ని చూడగానే బీడీ ఆర్పేశాడు.

"మొదటి తారీఖున నువ్వు ఆసుపత్రికి పోయుంటివి కదా?"

"కాలికి కురుపు లేస్తే కట్టు కట్టించుకుందామని పోయింటి సామీ. తప్పా?"

"చదువొచ్చునా?"

"అంకెలొస్తాయి. మా ఊరి పేరు గుర్తుపడతా."

"వరండాలో కాగితం చూసినావు. ఏం చూసినావు?"

ఆంజినప్ప ఆర్పిన బీడీని చెవి మీద పెట్టుకున్నాడు. "మా ఊరి పేరుండె. కింద నంబర్లుండె. నా నంబరుండాదేమోనని గుండె దడదడ కొట్టుకున్యాది సామీ. ముప్పై లేదు. అమ్మయ్య అనుకున్యా. ముప్పై ఒకటుండె. అదే ఊర్లో చెప్పినా."

"అది ఇంటి నంబరని ఎవరు చెప్పినారు నీకు?"

ఆంజినప్ప ఆయన్ని వింతగా చూశాడు. "ఎవరు చెప్పల్ల సామీ? మా ఊర్లో నంబరంటే గోడ మీద నంబరే కదా. ఇంకేముంటాది?"

చదువుకున్న వాళ్ళెవరికీ తట్టని సంగతి అది. తాళాలు, లక్క ముద్రలు, మొలతాడు అన్నీ పుస్తకానికే కాపలా కాశాయి. ఓబుళేసు అరవై మూడు పేర్లు నోటికి పట్టలేదు. రాసుకుంటే ఎవరైనా ఎత్తుకుపోతారని రాసుకోలేదు. గోడ మీది నంబరునే రోగి నంబరుగా పెట్టుకున్నాడు. ఇంటి ముందు నిలబడితే ఎవరికి ఏ మాత్రో గోడే చెబుతుంది. పాపం, వాడు ఎంత జాగ్రత్తపరుడంటే, దాచవలసిన రహస్యాన్ని తారుతో రాసిన చోటే దాచాడు.

"మిగతా నంబర్లు గుర్తున్నాయా నీకు?"

"లేదు సామీ. నా నంబరు లేదని తెలిసినాక ఎందుకు చూస్తా?"

తిప్పయ్యకు ఊపిరి తిరిగింది. ఇంకా ఆరుగురు దక్కే దారి ఉంది. ఆయన చావడికి పరుగు తీశాడు. మూడుంబావు. వెంకటప్ప అక్కడ మజ్జిగ తాగుతున్నాడు. తప్పదు, నీళ్ళూ మనుషులూ అతని మాటకే కదులుతాయి. ఉన్నదంతా చెప్పాడు.

"ఊర్లో నూట నలభై మూడిండ్లుండాయి. అన్నింటి నంబర్లూ సున్నంతో కప్పెయ్యల్ల. మలేరియా వాళ్ళు కొత్త నంబర్లు వేస్తారంట అని చెప్పు. ఒక్కటి కూడా మిగలకూడదు వెంకటప్పా. నేను పోయి ఆసుపత్రిలో జాబితా చింపి, ఇంకా సున్నం తెస్తా."

"ఇంతేనా? నీవు వచ్చేలోగా అయిపోతాది పో," అన్నాడు వెంకటప్ప. ఇన్నేళ్ళకు తిప్పయ్య తనను సాయం అడిగినందుకు అతని ముఖం వెలిగిపోయింది.

ఆసుపత్రిలో జాబితా చింపి పొయ్యిలో వేసి, ఓబుళేసును ఒక్క మాట కూడా అనకుండా, సున్నం మూట సైకిలు వెనక కట్టుకుని తిప్పయ్య తిరిగి వచ్చేసరికి ఐదూ నలభై. వీధి మొదట్లోనే ఆయన కాలు నేలకు ఆనించాడు.

ఇంటింటికీ నల్లటి అంకెలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. 1, 2, 3... 8. తొమ్మిదో ఇంటి గోడ మీద తెల్లటి సున్నం మచ్చ. మళ్ళీ పది నుంచి పదహారు దాకా నలుపు. పదిహేడు తెలుపు. సైకిలు పారేసి వీధి చివరిదాకా నడిచాడు. ఆరంటే ఆరు.

"పని అయిపోయింది!" వెంకటప్ప ఎదురొచ్చాడు. "నూట నలభై ఇండ్లకు సున్నం కలపల్లంటే నీళ్ళు యాడివప్పా? ఊరికంతా ఒకటే బావి, ఇంటికి రెండు కడవలు. ఆడోళ్ళు కొట్టడానికొచ్చినారు. అరకడవ ఇప్పించుకుని, ముందు అవసరమైనవి కానిచ్చినా. నంబర్లు పొద్దున్నే ఆ వరండాలో రాసుకోనుంటి. చూడు, ఒక్కటన్నా కనబడతాండాదా?"

తిప్పయ్య తిట్టడానికి నోరు తెరిచాడు. తిట్టదగినవాడు ఎవడో తేలలేదు. నంబరు గుట్టు వెంకటప్పకు విప్పినవాడు తనే. ఊరికి కళ్ళు లేవనుకున్నవాడూ తనే. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే, సిగ్గు పడకుండా చేత్తో తుడుచుకున్నాడు.

బకెట్టు అడుగున చారెడు సున్నం నీళ్ళు మిగిలి ఉన్నాయి. కుంచె ముంచి, నల్లమ్మ ఇంటి పక్కనున్న యాభై తొమ్మిదో ఇంటి మీదికి పోయాడు. ఇంకో పదిళ్ళు కలిపితే గుర్తు చెదిరిపోతుంది. కుంచె గోడకు తగలకముందే ఆ ఇంటి సిద్దమ్మ చీపురు పట్టుకుని అడ్డం నిలబడింది.

"మా నంబరు ఎందుకు చెరుపుతావు? మా ఇంట్లో ఆ రోగం లేదు! మా నంబరు మాకుండల్ల!"

ఆ కేకకు వీధి వీధంతా బయటికి వచ్చింది. ఎవరి నంబరుకు వాళ్ళు వీపు ఆనించి నిలబడ్డారు. ఎదురింటి ముసలామె తారు అంకెల చుట్టూ పసుపు రాస్తోంది. పొద్దున ఎవరూ కన్నెత్తి చూడని అంకెలు సాయంత్రానికి ఇంటి మర్యాదైపోయాయి. బకెట్టు పట్టుకున్న తిప్పయ్య వీధి మధ్యన నిలబడిపోయాడు. ఏ ఒక్క గోడా ఆయన్ని దగ్గరికి రానియ్యలేదు.

అప్పుడే దక్షిణం వైపు నుంచి ఎద్దుల బండి వేగంగా వచ్చి ఆగింది. తోలుతున్నవాడికి ఇరవై ఐదేళ్ళుంటాయి, ఒళ్ళంతా చెమట. "నల్లమ్మత్త ఇల్లు యాడన్నా? మా ఇంట్లో మధ్యాన్నం నుంచి నొప్పులు పడతాండాది. బిడ్డ అడ్డం తిరిగిండాదంట!"

సిద్దమ్మ గడ్డంతో పక్క గోడ చూపించింది. వాడు ఆ తెల్లటి మచ్చ చూశాడు, అటూ ఇటూ ఉన్న నల్లటి అంకెలు చూశాడు, వాటికి ఆనుకున్న మనుషులను చూశాడు. ఎవరూ విడమర్చి చెప్పకుండానే వాడికి అర్థమైంది.

నల్లమ్మ చంకన మూట పెట్టుకుని బయటికి వచ్చింది. "పా నాయనా, పొద్దు పోతాండాది," అంటూ బండి పట్టె మీద చెయ్యి వేసింది. వాడు పగ్గం లాగి బండిని ఒక అడుగు వెనక్కి తీశాడు.

"సామీ, నీవన్నా చెప్పు," అంది ఆమె తిప్పయ్య వైపు తిరిగి. "నా చేతులు మంచియ్యే అని చెప్పు."

చెప్పాలని తిప్పయ్య ప్రాణం కొట్టుకుంది. ఈమె రోగం అంటదు అని చెప్పాలంటే, ఈమెకు రోగం ఉందని చెప్పాలి. రానియ్యనని మాట ఇచ్చిన పేరు ఇప్పుడు తన నోటితోనే రావాలి. చెప్పకపోతే రెండు ప్రాణాలు. ఆయన తేల్చుకోలేని ఆ రెండు క్షణాల్లోనే బండి తిరిగింది.

నల్లమ్మ ఇక ఆయన కోసం ఆగలేదు. బండి వెంబడి పరిగెత్తుతూ, వీధి వీధంతా వినేట్టు అరిచింది.

"అవును నాయనా, నాకుండాది! ఆ రోగం నాకుండాది! ఐతే అంటదు, డాక్టరు చెప్పినాడు! బిడ్డ అడ్డం తిరిగిండాది నాయనా, నేను పోకుంటే ఇద్దరూ పోతారు!"

వీధిలో జనం ఆమెకు దారి ఇస్తూ రెండు పక్కలకూ తప్పుకున్నారు. బండివాడు ఎద్దులను చెర్నాకోలతో కొట్టాడు. అవి పరుగందుకున్నాయి.